రెండు చేతులూ చూడమన్న సారు

సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను బడి ఆవరణలో పిల్లల గోళ్ళు చూస్తున్నాను. సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లలు చేతులు చాపి వరుసగా నిలబడితే, పెరిగిన గోళ్ళూ మట్టి గోళ్ళూ చూసి చివాట్లు పెట్టడం మా కల్లూరు బడిలో నా వాటా పని. ఫోను చేసింది సారు వాళ్ళమ్మాయి. "అక్కా, నాయన తెల్లారి ఐదున్నరకు పోయినాడు" అంది. తర్వాత కూడా ఏదో చెప్పింది, నాకు ఎక్కలేదు. ఎదురుగా చాపి ఉన్న పది వేళ్ళనూ చూస్తూ నిలబడిపోయాను. ఆ వేళ్ళు రెండో తరగతి అమ్మాయివి. ఎంతసేపటికీ చివాట్లు పడకపోయేసరికి పిల్ల హడలిపోయి, "మేడమ్, రేపు కత్తిరించుకోనొస్తా" అంది.

"బాగానే ఉన్నాయిలే, పో" అన్నాను. నిజానికి బాగా లేవు.

సారు నాకు చదువు చెప్పిన సారు కాదు, చుట్టమూ కాదు. మైదుకూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఎన్నికలు వచ్చాయంటే మాత్రం, డ్యూటీ పడిన మాలాంటి ఉద్యోగులందరికీ శిక్షణ ఇచ్చేవారు. ఇలా శిక్షణ ఇచ్చినవాళ్ళను ఎవరైనా గుర్తుపెట్టుకుంటారా చెప్పండి! ఆ రోజు పెట్టిన భోజనం పొట్లంలో పెరుగన్నం పులిసిందా లేదా అన్నది గుర్తుంటుంది గానీ, మైకు పట్టుకుని మాట్లాడిన మనిషి గుర్తుంటాడా? నాకు సారు గుర్తుండిపోవడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. ఆ తప్పు చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నా వల్ల కాదు. అందుకని సిగ్గు పక్కన పెట్టి చెప్పుకుంటున్నాను.

మొదటిసారి ఆయనను చూసినప్పుడు నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు. అప్పట్లో నా బడి మైదుకూరు పక్క పల్లెలోనే, కల్లూరుకు తర్వాత బదిలీ అయ్యాను. మండలంలో ఒక కల్యాణ మంటపంలో శిక్షణ. అందరం ఫ్యాన్ల కింద కుర్చీలు వెతుక్కుంటుంటే, బక్కపలచటి మనిషి ఒకాయన చేతిలో బిస్కెట్ల రేకు డబ్బా పట్టుకుని వరుసల మధ్య తిరుగుతున్నాడు. బిస్కెట్లు పంచుతున్నాడేమో అనుకుని నేను చెయ్యి చాపాను. చేతిలో తెల్ల చీటీ పెట్టాడు.

"గత ఎన్నికల్లో మీరు చేసిన తప్పొకటి రాయండి. కొత్తోళ్ళయితే, ఏం తప్పు చేస్తామని భయంగా ఉండాదో అది రాయండి. పేరు మాత్రం రాయొద్దు. పేరు రాస్తే అబద్ధం రాస్తారు" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వుతూనే రాశారు. ఆయన డబ్బా తెరిచి, ఒక్కో చీటీ తీసి పైకి చదువుతుంటే మంటపమంతా కడుపులు పట్టుకుంది. ఒకాయన సిరా రాసే పుల్లను పెన్నుల దగ్గర పెట్టి, ఓటరు చేత దానితోనే సంతకం పెట్టించాడట. ఇంకొకాయన ఓటు వేసే అట్ట మరుగును కిటికీ పక్కన పెడితే, బయటినుంచి మేక ఒకటి తల దూర్చి అందరి ఓట్లూ చూసిందట. సారు మాత్రం నవ్వలేదు. ప్రతి చీటీకీ తల పక్కకు వంచి, "ఎందుకట్లబ్బా?" అని అడిగేవారు. రాసినవాళ్ళే ఉండబట్టలేక లేచి జవాబు చెప్పేవాళ్ళు. కిటికీ పక్కన ఎందుకు పెట్టినావు? గదిలో దీపం లేదు, వెలుతురు కోసం పెట్టినా. అయితే తప్పు నీది కాదు, దీపానిది. ఇంగ ముందురోజే గదిలో దీపం ఉండాదా లేదా చూసుకోవాలని రాసుకోండి. ఇలా ఉండేది ఆయన పాఠం. పై నుంచి వచ్చిన పుస్తకం ఆయన చేతిలో ఉండేది గానీ, డబ్బాలో చీటీలు అయిపోయాకే దాన్ని తెరిచేవారు.

ఆ "ఎందుకట్లబ్బా" ఆయనకు ఊతపదం అనుకున్నాను మొదట. తర్వాత తెలిసింది, అది జబ్బు అని. ఒకసారి ఇంట్లోవాళ్ళతో ఒంటిమిట్ట తిరునాళ్ళకు వెళ్ళి, దర్శనం వరుసలో జనం మలుపు దగ్గర ఎందుకు ఆగిపోతున్నారో చూస్తూ గంటన్నర అక్కడే నిలబడిపోయారట. ఇంట్లోవాళ్ళు దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, తిరిగి వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉన్నారు. "మలుపు తిరగ్గానే వెలుతురు తగ్గి కండ్లు అలవాటు పడే దాకా మనిషి ఆగుతాడే, మన బూతుల్లో కూడా వాకిట్లో ఇట్లనే ఆగుతారు" అని భార్యకు వివరించబోతే, ఆ తల్లి, "స్వామిని చూసినావా లేదా అది చెప్పు" అందట. చూడలేదు.

ఆ మొదటి శిక్షణలోనే నేను రాసుకున్న వాక్యం ఒకటి ఇప్పటికీ నా పాత నోటు పుస్తకంలో ఉంది. ఓటరు ఎడమ చేతి చూపుడు వేలు చూడాలి, గోటి మీద నల్ల గీత ఉంటే ఓటు లేదు, చెరుపుకోవడానికి ప్రయత్నించినట్టు కనిపించినా ఓటు లేదు. కింద రెండు గీతలు కూడా కొట్టుకున్నాను. నేను రూల్స్ మనిషిని. రూలు అంటే నాకు ప్రాణం. కొత్త ఉద్యోగం, పైగా ఆడపిల్లను, ఎవరూ వేలెత్తి చూపకూడదని మహా పట్టుదల.

నాకు డ్యూటీ పడింది ఒక నేతగాళ్ళ ఊర్లో. వీధి వీధంతా మగ్గాల చప్పుడు. పోలింగు రోజు మాత్రం ఆ చప్పుడు లేక ఊరు బోసిగా ఉంది. నేను సిరా రాసే ఆఫీసరును. చిన్న సీసాను ఇసుక పోసిన గ్లాసులో నిలబెట్టుకుని, వచ్చినవాళ్ళ వేలు చూసి, గీత గీసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకోవడం నా పని.

పది గంటలప్పుడు అరవై ఏళ్ళ ఆయన ఒకడు వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. వేలు చాపాడు. బ్లీచింగు పొడి వాసన గుప్పుమంది. గోటి చుట్టూ నల్లగా ఉంది. వేలి చర్మం పాలిపోయి, పొట్టు లేచి, అక్కడక్కడా గీరుకుపోయి ఉంది.

"ఓటేసి వచ్చినట్టుందే?" అన్నాను.

"ల్యా మేడమ్, ఇప్పుడే గదా వస్తాండేది. నేను నూలుకు రంగులేస్తాను."

"మరి చేతికి ఈ వాసనేంటి?"

"శానా రుద్దినా మేడమ్. ఎంత రుద్దినా పోలా."

ఆ మాటతో నాకు అంతా తేలిపోయినట్టు అనిపించింది. మనిషి తన నోటితో తానే ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి! ప్రిసైడింగ్ ఆఫీసరును పిలిచాను. ఆయన వాసన చూసి, ముఖం చిట్లించి, చెరుపుకుని మళ్ళీ వచ్చాడన్నాడు. మూల కూర్చున్న ఏజెంటు ఒకతను, "రంగులాయనప్పా ఆయన, మా వీధే" అన్నాడు గానీ, ఏజెంట్ల మాట ఎవరు వింటారు? ఓటర్ల జాబితాలో ఆయన పేరు పక్కన ఓటు వేసిన గుర్తు లేదు. వేరే బూతులో దొంగ ఓటు వేసి ఉంటాడని దానికీ ఒక జవాబు చెప్పుకున్నాం. వెనకాల వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పెద్దాయన అరవలేదు, వాదించలేదు. తన వేలిని తానే ఒకసారి చూసుకుని, చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అరిచి ఉంటే నేను ఆ రోజే మరచిపోయేదాన్ని. జేబులో పెట్టుకున్న ఆ చెయ్యి నన్ను వదల్లేదు. ఇంట్లో కంది బేడలు కడుగుతున్నా అదే, పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నా అదే.

ఎన్నికలు అయ్యాక సారు మళ్ళీ డబ్బా తిప్పేవారు. అది పై నుంచి ఎవరూ అడిగింది కాదు, ఆయన సొంత పెత్తనం. ఏం తప్పులు జరిగాయో అప్పుడే రాయించుకుంటే, వచ్చే శిక్షణకు పనికొస్తాయని. నేను చీటీలో ఉన్నదున్నట్టు రాశాను. పేరు రాయలేదు.

నాలుగో రోజు సారు మా బడి ముందు సైకిలు దిగారు.

"పేరు రాయొద్దంటి, నువ్వు రాయలా. ఊరి పేరు రాస్తివి. ఆ ఊర్లో ఇంకు పట్టిన ఆడమనిషివి నువ్వొక్కదానివే గదమ్మా" అన్నారు.

"సార్, సస్పెండు చేస్తారా?" అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

"నేనెవర్ని సస్పెండు చేసేదానికి? ఒక సంగతి అడుగుదామని వచ్చినా. ఆయన గోరు ఏ రంగుండె?"

"నల్లగా ఉంది సార్."

"నలుపా? కరక్కాయ నలుపా, నీలం ముదిరిన నలుపా, ఎరుపు మాగిన నలుపా? ఒక్క వేలికేనా, అన్ని వేళ్ళకూనా? కుడి చెయ్యి ఎట్లుండె?"

నాకు తెలియదు. అంత ఊరి ముందు ఒక మనిషిని దొంగను చేసి పంపించాను గానీ, ఆయన గోరు ఏ రంగులో ఉందో నేను చూడనే లేదు. సారు కోప్పడి ఉంటే తట్టుకునేదాన్నేమో. ఆయన తల పక్కకు వంచి, "ఎందుకట్లబ్బా?" అన్నారు, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టుగా. మళ్ళీ ఆయనే, "నల్ల గీత ఉంటే ఓటు లేదని చెప్పింది నేనే గదా. నల్లగా ఉండేదంతా గీత కాదని చెప్పలా. పదమ్మా, ఆయన్ను చూసొద్దాం" అన్నారు.

ఆదివారం వెళ్ళాం. రంగులాయన ఇంటి వెనక పందిరి కింద తొట్లు, పొయ్యి మీద ఉడుకుతున్న రంగు నీళ్ళు, కర్రలకు వేలాడదీసిన నూలు కట్టలు, వాళ్ళ మాటలో చిలపలు. మోచేతుల దాకా నీలంలో ఉన్నాడు ఆయన. నన్ను చూసి గుర్తుపట్టి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మంచి మర్యాదస్తుడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు గానీ ఆ చేతులు మాత్రం ముందుకు తేలేదు.

"ఏమప్పా, బ్లీచింగుతో ఎందుకు రుద్దుకుంటివి?" అని అడిగారు సారు.

"నల్లగుంటే ఓటియ్యరని ఊర్లో అంటిరి సారూ. మూడు దినాలు పని నిలబెట్టి, నిమ్మకాయ రుద్దినా, ఇటిక పొడి రుద్దినా, యాడికీ పోలా. బ్లీచింగు పెడితే రొంత పోయె. దాంతోనే నన్ను దొంగను జేస్తిరి."

శుభ్రంగా రావాలని మూడు రోజులు పని మానుకుని చేతులు కాల్చుకున్నాడు ఆయన. ఆ శుభ్రాన్నే మేము సాక్ష్యంగా పట్టుకున్నాం. నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది. "తప్పు నాదే పెద్దాయనా" అన్నాను. ఆయన నన్ను చూడలేదు.

"పోనీలే మేడమ్. మీ ఉద్యోగం మీది. నేను మాత్రం ఇంగ ఆ వాకిలి తొక్కను. అంతమందిలో నవ్విరి. నా బతుకులో ఒగరి చిలప ఒగరికి మార్చినోణ్ణి కాదు నేను."

సారు మంచం మీద నుంచి లేచి, ఆయన వెనక్కి వెళ్ళి, దాచుకున్న చేతులు రెండూ పట్టుకుని వెలుతురులోకి తెచ్చారు. తిప్పి తిప్పి చూశారు. సారు తెల్ల చొక్కా నీలం అయిపోయింది. "ఓటు కోసం నువ్వు చేతులు కడుక్కోవద్దప్పా. కండ్లు కడుక్కోవాల్సింది మేము" అన్నారు. తర్వాత ఉన్నట్టుండి, "నీ తొట్టిలో నా చేతులు ముంచుకోవచ్చునా?" అని అడిగారు.

రంగులాయనకు మొదటిసారి నవ్వొచ్చింది. "మీకేం పని సారూ?"

"చూడాల. రంగు గోట్లో యాడ కూర్చుంటాదో, మా ఇంకు యాడ కూర్చుంటాదో, రెండూ కలిస్తే ఎట్లుంటాదో."

నమ్ముతారో లేదో, ఆయన రెండు నెలలు ఆ పనే చేశారు. శిక్షణలో చూపించడానికి ఇచ్చే సీసాలో అడుగున నాలుగు చుక్కలు మిగిలితే, దానితో ఎడమ చూపుడు వేలికి గీత గీసుకున్నారు. వారం వారం వెళ్ళి రంగు తొట్టిలో చేతులు ముంచుకొచ్చారు, ఒక వారం నీలం, ఒక వారం ఎరుపు, మరో వారం ఆకుపచ్చ. రూళ్ళ నోటు పుస్తకంలో ప్రతి ఆదివారం పది గోళ్ళ బొమ్మలూ రంగు పెన్సిళ్ళతో వేసేవారు. ఎడమ చేత్తో కుడి చేతి బొమ్మ వేసుకోవడం రాక, నన్ను పిలిపించి భూతద్దం చేతికిచ్చి వేయించేవారు. నా బొమ్మల్లో గోళ్ళు వంకాయల్లా వచ్చేవి. "పరవాల్యా, యాడ నల్లగుండాదో అది సరిగ్గా పెట్టు, చాలు" అనేవారు. ఆ చేతులతోనే అన్నం తినేవారు, ఆ చేతులతోనే బడిలో పాఠం చెప్పేవారు. "పెండ్లిలో గోరింటాకు పెట్టుకోమంటే సిగ్గుపడిన మనిషి. ఇప్పుడు చూడమ్మా, పది వేళ్ళకూ సోకులే" అని సారు భార్య నాకు కాఫీ ఇస్తూ దెప్పేది.

ఆ రెండు నెలల్లో నాకు తెలిసిన విషయం చెబితే ఇంతేనా అంటారు. పనివాడి రంగు గోటి అంచుల్లో, పక్కల పగుళ్ళలో కూర్చుంటుంది. అన్ని వేళ్ళకూ ఉంటుంది, రెండు చేతులకూ ఉంటుంది. ఎన్నికల సిరా ఒక్క చేతికి, ఒక్క వేలికి, గోటి మీద నుంచి చర్మం దాకా ఒకే గీతగా ఉంటుంది. రంగు మీద పడినా ఆ గీత గీతగానే ఉంటుంది. అందుకని అనుమానం వస్తే ఒక వేలు చూసి తీర్పు చెప్పొద్దు. ఏం పని చేస్తావని అడుగు. రెండు చేతులూ చూడు. అంతే. సారు రెండు నెలలు చేతులు పాడుచేసుకుని కనిపెట్టింది ఈ చిన్న మాట. నేను ఆ రోజు రంగులాయన కుడి చెయ్యి కూడా చూపించమని అడిగి ఉంటే, అర నిమిషంలో తేలిపోయేది.

ఆ నోటు పుస్తకం చేతపట్టుకుని సారు ఒక పెద్దాఫీసరును కలవడానికి వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళారు. ఆ ఆఫీసరు పేజీలు తిరగేసి, మర్యాదగానే, "ఒక్క మనిషి కోసం ఇంత పరిశోధనా మాస్టారూ?" అన్నారు.

"ఓటు కూడా మనిషికి ఒక్కటే గదా సార్ ఉండేది" అన్నారు సారు.

ఆఫీసరు ఏమనుకున్నారో గానీ, శిక్షణలో చెప్పుకోండి అన్నారు. ఇక చూడండి సారు సంబరం! ఆ తర్వాతి శిక్షణల్లో పావుగంట దీనికే. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఒకరి చేతులు ఒకరు చూసి, గోళ్ళు ఏ రంగులో ఉన్నాయో, ఎందుకలా ఉన్నాయో కనుక్కుని చెప్పాలి. వంకాయలు తరిగిన నలుపు, స్కూటరు చైను నలుపు, పెన్ను సిరా, గోరింటాకు, పసుపు, ఎన్నెన్ని బయటపడేవో. పదేళ్ళుగా ఒకే ఆఫీసులో పనిచేస్తున్న ఇద్దరు, "మీరు మల్లెతోట పెట్టినారా, నాకు తెలీదే!" అని ఆశ్చర్యపోవడం నేను చూశాను.

ఆయన రిటైరయ్యాక ఆ రేకు డబ్బా నా చేతికిచ్చారు. నాకా! "తప్పు చేసి ఒప్పుకున్నోళ్ళే చెప్పాలమ్మా" అన్నారు. అప్పటినుంచి శిక్షణలో ఆ పావుగంట నాది. మొదటి చీటీ నాదే చదువుతాను, పేరుతో సహా.

అంతా బాగానే ఉంది. రంగులాయన మాత్రం రాలేదు. తర్వాతి ఎన్నికలకు రాలేదు, ఆ పై వాటికీ రాలేదు. సారు మధ్య మధ్య ఆ ఊరు వెళ్ళి కూర్చునేవారు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు, చిలపల గురించీ సున్నం నీళ్ళ గురించీ గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఓటు మాట వస్తే మాత్రం, "అది ఇడిసిపెట్టు సారూ" అనేవాడట ఆయన. సారు బలవంతం చేయలేదు. పోలింగు అయిన సాయంత్రం ఆ ఊర్లో ఎవరికో ఒకరికి ఫోను చేసి, "మన రంగులాయన వచ్చినాడా?" అని అడగడం మాత్రం మానలేదు. రాలేదని చెబితే, "సరేలే" అని పెట్టేసేవారు.

ఈసారి ఎన్నికల ముందు సారుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కర్నూలులో ఆస్పత్రిలో ఉంచారు. నేను కల్లూరు నుంచి షేరు ఆటో ఎక్కి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. మంచం మీద కూడా కుదురు లేదు. సెలైను చుక్కలు ఒకసారి బిరీన, ఒకసారి నిదానంగా ఎందుకు పడతాయని నర్సమ్మను విసిగించేవారు.

పోలింగుకు రెండు రోజుల ముందు ఎడమ చూపుడు వేలు పైకెత్తి చూపించారు. "ఈసారి నా ఓటు పోతాండాదిమ్మా. ఓటు వచ్చిన కాడి నుంచి ఈ వేలు ఎప్పుడూ ఖాళీగా లేదు" అన్నారు. తర్వాత, "రంగులాయన వస్తాడేమో కనుక్కో" అన్నారు.

"కనుక్కుంటా సార్" అన్నాను.

కనుక్కోలేదు. డ్యూటీ వేరే మండలంలో పడింది, వచ్చాక ఒళ్ళు నొప్పులు, బడిలో పరీక్షలు. ఇవన్నీ సాకులు, మీకు చెబితే ఏం! ఆ ఊరివాళ్ళ నంబరు నా ఫోనులోనే ఉంది. చేస్తే మళ్ళీ రాలేదని వినాల్సి వస్తుందని భయం. ఆయన రాకపోతే అది నా వల్లే, ఎన్ని శిక్షణలు ఇచ్చినా నా వల్లే. సారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ, "ఇంకా తెలియలేదు సార్" అన్నాను. మూడోసారి అడగడానికి ఆయన లేరు. ఇంటికి తీసుకెళ్ళిన వారానికి ఫోను వచ్చింది.

పిల్లలను పక్క టీచరుకు అప్పజెప్పి మైదుకూరు బస్సెక్కాను. వెళ్ళేసరికి సారును వరండాలో పడుకోబెట్టారు. ఎండ అప్పుడే ముదురుతోంది. ఆయన దగ్గర శిక్షణ తీసుకున్నవాళ్ళు ఎంతమంది వచ్చారో, టీచర్లు, వీఆర్వోలు, అంగన్‌వాడీ అమ్మలు. సారు భార్య నన్ను చూసి, "నీ డబ్బా సారు పోయినాడమ్మా" అంది. ఇద్దరం ఏడ్చాం.

వీధిలో ఆటో ఆగింది. రంగులాయన దిగాడు. బాగా వంగిపోయాడు. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, పంచె మీద నీలం చుక్కలు, మోచేతుల దాకా తడి ఆరని నీలం. గేటు దగ్గర ఎవరో, "అదో కొళాయి, చేతులు కడుక్కోని రాప్పా" అన్నారు.

"కడుక్కోవద్దన్యాడప్పా సారు" అని ఆయన నేరుగా లోపలికి వచ్చేశాడు.

నన్ను చూసి ఆగాడు. చేతులు ముందుకు చాపాడు. ఎడమ చేయి మాత్రమే కాదు, రెండూ. నేను పట్టుకుని చూశాను. ఈసారి చూశాను. పది గోళ్ళ అంచుల్లోనూ నీలం, బొటనవేళ్ళ దగ్గర పాత ఎరుపు. ఎడమ చూపుడు వేలికి మాత్రం, ఆ నీలం అడుగున, గోటి మొదలు నుంచి నిలువుగా ఒక నల్ల గీత.

"పోతిని మేడమ్" అన్నాడు. "సారుకు ఒళ్ళు బాగలేదని ఇని, పోదామనిపించె. తొట్టి కాడ నుంచే పోతిని, ఇట్లనే. చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుండాది. ఏలు చూసి ఆగింది. చెయ్యి ఎనక్కి తీసుకోబోతి. 'ఏం పని చేస్తారు పెద్దాయనా, ఆ చెయ్యి కూడా సూపిస్తారా' అనె. రెండూ తిప్పి తిప్పి చూసి, నవ్వి, గీత పెట్టె."

ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఏ శిక్షణలో ఏ వరుసలో కూర్చుందో కూడా గుర్తు లేదు.

"సారుకు సూపిద్దామనుకుంటి మేడమ్. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అని తొట్టి కాడే ఉండిపోతి."

"నేనూ అంతే పెద్దాయనా" అన్నాను. ఒక్క ఫోను చేసి ఉంటే సారుకు తెలిసేది. ఇది నేను ఎప్పటికీ మరచిపోలేను.

ఆయన వెళ్ళి సారు పక్కన కింద కూర్చున్నాడు. ఆ రోజు పందిరి కింద సారు ఈయన చేతులు వెలుతురులోకి తెచ్చినట్టే, ఇప్పుడు ఈయన సారు ఎడమ చెయ్యి తీసుకుని తిప్పి చూశాడు. "సారు ఏలికి గీత ల్యా మేడమ్" అన్నాడు. ఆస్పత్రిలో ఉన్నారని, ఓటు వేయలేకపోయారని చెప్పాను. ఆయన ఆ చూపుడు వేలిని తన తడి గుప్పిట్లో పెట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

మధ్యాహ్నం సారుకు స్నానం చేయించారు. కొత్త పంచె కట్టి, మాల వేసి, చేతులు రెండూ గుండెల మీద పెట్టారు. ఆఖరుసారి చూసుకోమని మమ్మల్ని పిలిస్తే నేనూ వెళ్ళాను. అందరూ ముఖం చూస్తుంటే నా కళ్ళు చేతుల మీదికి పోయాయి. రెండూ చూశాను. కుడి చెయ్యి కడిగినట్టు తెల్లగా ఉంది. ఎడమ చేతికి నాలుగు వేళ్ళూ తెల్లగానే ఉన్నాయి. చూపుడు వేలికి మాత్రం, గోటి మీద నుంచి చర్మం దాకా, అన్ని నీళ్ళు పోసినా పోని నీలం గీత ఒకటి ఉంది.